గోదారి ఒడ్డున నాకు లేని ఇల్లు

కరోనా సర్దుమణిగిన మరుసటి ఏడాది జూన్ నెలలో, నేను సీరియల్స్ రాస్తున్న మొబైల్ యాప్ కంపెనీ నాకు పదోన్నతి ఇచ్చింది. అప్పటివరకు నేను ‘రెగ్యులర్ రచయిత్రి’ని. ఆ నెల నుంచి ‘స్టార్ రచయిత్రి’ని. రెండు హోదాలకూ తేడా ఏమిటంటే, స్టార్ రచయిత్రి పేరు పక్కన ఒక చిన్న పసుపు నక్షత్రం వెలుగుతుంది. దానికి కృతజ్ఞతగా వారానికి మూడు ఎపిసోడ్లకు బదులు అయిదు రాయాలి. అరవై దాటిన మనిషికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

నా అసలు పేరు నర్సమ్మ. ప్రేమ నవల మీద నర్సమ్మ అని పేరుంటే ఎవరూ ముట్టుకోరని, పెళ్లయిన కొత్తలో నా మొదటి కథ అచ్చేసిన వారపత్రిక ఎడిటర్ గారు తేల్చి చెప్పి, నన్నడక్కుండానే ‘హేమంత చంద్రిక’ అని నామకరణం చేశారు. నలభై ఏళ్లుగా ఆ పేరుతోనే బతికాను. మా ఆయన సత్తెయ్య బొగ్గుబాయిలో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఏన్కూరులో ఇల్లు కట్టుకున్నాం. ఆయన నా కలం పేరు ఇంతవరకు ఒక్కసారి కూడా పలకలేదు. నాలుక తిరగదంటాడు.

ఈ వృత్తి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఎపిసోడ్ ఆగిపోయే చివరి వాక్యాన్ని మేము ‘హుక్’ అంటాం. అక్కడ ఎవరో తలుపు తట్టాలి, లేదా ఫోన్ మోగాలి, లేదా హీరోయిన్ కళ్లు తిరిగి పడిపోవాలి. నా హీరోయిన్లు పడిపోయినన్ని సార్లు నిజంగా మనుషులు పడిపోతే ఖమ్మం పెద్ద దవాఖానాలో మంచాలు చాలవు. హీరోలకూ హోదాలుంటాయి. పత్రికల కాలంలో ఎస్టేట్ యజమాని సరిపోయేవాడు. తర్వాత అమెరికా డాక్టరు, ఆ తర్వాత సాఫ్ట్‌వేరు. యాప్ వచ్చాక కంపెనీ అధిపతికి తక్కువైతే పాఠకులు మొదటి ఎపిసోడ్ కూడా పూర్తి చేయరు. ఫిట్టర్ హీరోగా నేను ఒక్క నవల కూడా రాయలేదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ముఖ్యంగా ఫిట్టర్.

స్టార్ హోదాతో పాటు ఒక షరతు ఉంది. రచయిత్రి జీవితం, ప్రేరణలు, అభిరుచుల మీద యాప్‌లో ఒక పేజీ పెడతారు. దానికోసం తన్వి అనే అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఆమె ఉద్యోగం పేరు కంటెంట్ కోఆర్డినేటర్. మేము రాసింది పాఠకులకు చేరేలోగా దాన్ని వేరేలా మార్చే బాధ్యత ఆమెది.

మీకు రాయాలనే ప్రేరణ ఎక్కడినుంచి వస్తుంది మ్యామ్ అని అడిగింది. ఎపిసోడ్ పంపాల్సిన గడువు నుంచి అన్నాను. నవ్వి, మీ హీరోలకు ఇన్‌స్పిరేషన్ ఎవరంది. నడక మా పాత బ్యాంకు మేనేజరుది, కోపం కరెంటు పోయినప్పటి మా ఆయనది, చేతులు కూడా మా ఆయనవే, మాటలు మాత్రం ఆయనవి కావు, ఎందుకంటే ఆయన మాట్లాడడు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇష్టమైన వంటకం అడిగితే గోంగూరలో ఎండు రొయ్యలన్నాను. ఇష్టమైన పువ్వు? మల్లెపూలకు తలనొప్పి వస్తుంది, కనకాంబరాలైతే ఫర్వాలేదు. ఇష్టమైన కాలం? ఎండాకాలం. వానాకాలం మాత్రం చెప్పకు. క్వార్టర్స్‌లో ఇరవై ఏళ్లు కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటూ వాన దృశ్యాలు రాసినదాన్ని.

తన్వి అన్నీ రాసుకుంది. తర్వాత మెల్లగా, “మ్యామ్, ఎండు రొయ్యలు మన బ్రాండ్‌కి సెట్ కావు” అంది.

వారం తిరక్కుండా పేజీ వచ్చింది. అందులో నాకు ఇష్టమైనవి: తొలకరి వాన, తెల్ల గులాబీ, చాక్లెట్. పక్కన ఉన్న ఫొటోలో ఎవరివో చేతులు కాఫీ కప్పు పట్టుకుని ఉన్నాయి. ఆ గోళ్ల రంగు చూసి మా ఆయన చాలాసేపు నా చేతులకేసి చూశాడు. నేను భద్రాచలం అడవుల్లో, చర్ల దారిలో, గోదారి ఒడ్డున పెంకుటింట్లో ఉంటూ నది గలగలలు వింటూ రాస్తానట. చివర్లో నా సందేశం: “ప్రేమించిన వారికి నా ఇంటి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.”

ఫోన్ చేసి అడిగాను. మా ఇల్లు ఏన్కూరులో, బస్టాండు వెనక, ఎరువుల దుకాణం పక్కన ఉందని, తలుపులు తెరిచి పెడితే మేకలు వస్తాయని చెప్పాను. తన్వి ఓపిగ్గా విని, “ఎవరూ నిజంగా రారు కదా మ్యామ్” అంది.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున, పప్పుకు పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. చేసింది చర్ల దాటాక ఉన్న పోలీసు ఔట్‌పోస్టు ఎస్సై. యాప్ కంపెనీని అడిగి నా నంబరు తీసుకున్నాడట.

“మేడం, గోదారి ఒడ్డుకు అడవిల మీకు ఇల్లుందంట గదా. నేను గీ ఏరియాల రెండేండ్ల సంది డ్యూటీ జేస్తున్న. నాకు కనవడకుంట ఎప్పుడు కట్టిన్రు?”

ఆ వ్యంగ్యం నాకు నచ్చింది. తర్వాత విషయం చెప్పాడు, అది నచ్చలేదు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి మోటారుసైకిలు మీద ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా ఊరూరా తిరుగుతూ రచయిత్రి గారి ఇల్లెక్కడని అడుగుతున్నారు. మావోయిస్టులు తిరిగే ఆ ప్రాంతంలో కొత్త మొహాలు బ్యాగులతో తిరుగుతూ ఎవరి ఇంటి కోసమో వాకబు చేయడం పోలీసులు సరదాగా తీసుకునే సంగతి కాదు. పోలీసు క్యాంపు దగ్గర ఆపి, బ్యాగు విప్పించి, స్టేషన్‌లో కూర్చోబెట్టారు. అడిగితే ఇద్దరూ నా పేరే చెబుతున్నారు. నేను వచ్చి ఆ ఇల్లు లేదని చెబితే ఆయనకు ఒక అనుమానం తీరుతుంది.

నేను చీర మార్చుకుని వచ్చేసరికి మా ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. నువ్వెందుకన్నాను.

“నీ ఇల్లు ఎట్లుందో నేను గూడ సూడాలె గదా” అన్నాడు. ఆ నెలలో ఆయన నాతో మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదేననుకుంటాను.

కొత్తగూడెం వెళ్లి బస్సు మారాం. భద్రాచలంలో దిగి, చర్ల వైపు పోయే ఆటోలో ఎరువుల బస్తాల మధ్య కూర్చున్నాం. నా నవలల్లో ఈ రోడ్డు మీద హీరో కారు మెత్తగా జారిపోయేది, హీరోయిన్ అతని భుజం మీద నిద్రపోయేది. ఆ ఆటోలో నా తల రెండుసార్లు పై కమ్మీకి కొట్టుకుంది. మా ఆయన భుజం అందుబాటులోనే ఉంది గాని, దానిమీద ఒక బస్తా ఒరిగి ఉంది.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. తన భార్య నా సీరియల్ చదువుతుందని, తనకు మాత్రం టైముండదని చెప్పి కుర్చీ వేయించాడు. ఆ తర్వాత పద్ధతి వివరించాడు. అమ్మాయి పేరు రజిత, ఊరు ఇల్లందు దగ్గరి బొగ్గు కాలనీ. ఇంట్లో వాళ్లు అక్కడ మిస్సింగ్ కంప్లైంట్ ఇచ్చారు. మనిషి దొరికింది కాబట్టి వాళ్లకు కబురు వెళ్లింది, వస్తున్నారు. సర్టిఫికెట్లు చూశారు, ఇద్దరూ మేజర్లే. అంటే అమ్మాయి స్టేట్‌మెంట్ రాసుకుని, ఆమె ఎక్కడికి పోతానంటే అక్కడికి పోనివ్వాలి. చట్టం అంతవరకే. పెద్దలు వచ్చాక చట్టం ఎంతవరకు నడుస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మహిళా కానిస్టేబుల్ భద్రాచలం బందోబస్తుకు పోయింది కాబట్టి, కాసేపు ఆ పిల్ల దగ్గర కూర్చోమన్నాడు.

రజిత కొత్తగూడెంలో ఒక ల్యాబులో టెక్నీషియన్. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉంది. పక్కన అస్లాం, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. నన్ను చూసి లేచి నిలబడి, బ్యాగులోంచి ఒక తెల్ల గులాబీ, ఒక చాక్లెట్ తీసి ఇచ్చాడు. గులాబీ నలిగి గోధుమరంగుకు తిరిగింది. చాక్లెట్ కరిగి కాగితానికి అంటుకుంది. నాకు షుగర్. మా ఆయన ఆ చాక్లెట్ తీసుకుని, కాగితం విప్పి, శ్రద్ధగా తిన్నాడు.

“గదేంది మేడం, మీరు నిజంగ గీడ ఉండరా?” అని అడిగాడు అస్లాం. ఉండనన్నాను. వాడి మొహం చూస్తే, వాడి పథకమంతా ఆ పెంకుటింటి గుమ్మం దాకానే ఉందని, ఆ తర్వాతది నేను చూసుకుంటాననుకున్నాడని అర్థమైంది. అచ్చం నా హీరోలాగే. వాళ్లూ పెళ్లి తర్వాత ఏం చేయాలో ఎప్పుడూ ఆలోచించలేదు. అక్కడికి నా సీరియల్ అయిపోయేది.

వాణ్ణి మా ఆయనతో వరండాలోకి పంపి రజితను అడిగాను. వచ్చే శుక్రవారం వేరే సంబంధంతో ఆమె నిశ్చితార్థం. తండ్రి రాజమల్లు, అస్లాం తండ్రి యాకూబ్, ఇద్దరూ ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పాతికేళ్లు పనిచేశారు. కలిసి డ్యూటీకి పోయి కలిసి వచ్చినవాళ్లు. పిల్లల సంగతి తెలిసినప్పటినుంచి ఇద్దరికీ మాటలు తక్కువయ్యాయి.

“పెండ్లి చేసుకుందామని వచ్చిన్రా?” అన్నాను.

“లేదమ్మా. మిమ్ముల తోల్కపోదామని వచ్చినం” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విప్పి చెప్పింది. సీరియల్ ముగిసే ముందు మేము ‘తండ్రి ఎపిసోడ్’ రాస్తాం. అప్పటివరకు రాయిలా ఉన్న తండ్రి ఎవరో ఒక పెద్దావిడ చెప్పిన నాలుగు మాటలకు కరిగి, కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంటాడు. కామెంట్లలో అందరూ ఏడుస్తారు.

“మీ కథల గా అత్త చెప్పే డైలాగు ఉన్నది గదా అమ్మా, అది మా నాయినకు చెప్పుర్రి. నేను చెప్తే ఇనడు. రాసినామె చెప్తే ఇంటడేమో.”

నా రచనల మీద అంత నమ్మకం ఉన్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. నాకైతే ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నం దాటాక వాన మొదలైంది, నా పేజీ ప్రకారం నాకు ప్రాణమైన వాన. అందులోంచి ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది. నడుపుతున్నది యాకూబ్, వెనక రాజమల్లు. ఇద్దరి మీదా కలిపి ఒకటే ప్లాస్టిక్ పట్టా. రాజమల్లు దాన్ని రెండు చేతులతో ముందుకు లాగి యాకూబ్ తల తడవకుండా పట్టుకున్నాడు. దిగగానే ఆ పట్టా వదిలేసి, ఒకరికొకరు తెలియనట్టు చెరో గోడకు నిలబడ్డారు. ఇద్దరూ ఒకే బండి మీద ఎందుకు వచ్చారని తర్వాత యాకూబ్‌ను అడిగాను. రాజమల్లుకు బండి నడపడం రాదట. ఎన్నడూ నేర్చుకునే అవసరం పడలేదట.

ఎస్సై అందరినీ కూర్చోబెట్టి, చట్టం చెప్పి, నా వైపు చూశాడు. రజిత కూడా చూసింది. సరేనని గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. బిడ్డ కళ్లలోని వెలుగే తండ్రికి ఆస్తి అని, ఆ దీపాన్ని ఆర్పిన చేతులతో ఏ దేవుడికి దండం పెడతావని, నాకు నోటికి వచ్చినంతవరకు చెప్పాను. ఆ ఇరుకు గదిలో, తడి చెప్పుల వాసన మధ్య, నా డైలాగు నా చెవులకే పక్కింటి టీవీలోంచి వస్తున్నట్టుంది.

రాజమల్లు చివరిదాకా విన్నాడు. అదొక మర్యాద.

“గిది మీరు రాసిందేనా అమ్మా?”

“అవునండి.”

“బాగున్నది. నా బిడ్డ సదువుతుంటే ఇన్న. గా కథల తండ్రికి ఏమేం ఉన్నయి?”

కాఫీ తోటలున్నాయని, పెద్ద బంగళా ఉందని చెప్పాను.

“గందుకే. ఆయన గేటు ఏస్కుంటె ఎవలడుగుతరు? మాది గల్లి. తెల్లారితె నల్లకాడ నలుగుర్ల నిలవడాలె.”

దీనికి నా దగ్గర ఎపిసోడ్ లేదు. అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. ఏ బాయి అని అడిగాడు. చెప్పారు. గని కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని యాకూబ్‌ది, ఆ కింద బొగ్గు తీసే పని రాజమల్లుది. మా ఆయన తల ఊపి, “అంటె నీ పానం ఇన్నేండ్లు గీయన చేతులనే ఉన్నది గదా మల్లన్నా” అన్నాడు.

“ఉన్నది. రెండుమాట్ల చెయ్యి వట్టి గుంజిండు. గది బాయి, గిది ఇల్లు.”

“నా ఇంట్ల గూడ గంతే” అన్నాడు యాకూబ్, గోడవైపు చూస్తూ. “ఈడ నేను అవ్ అంటే ఆడ మా అన్నదమ్ములు నన్ను గడప ఎక్కనియ్యరు.”

ఆ రోజు వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అది. మా ఆయన మళ్లీ నోరు మూసుకున్నాడు. ఎస్సై ఇక స్టేట్‌మెంట్ రాసుకుందామని పెన్ను తీశాడు. ఎక్కడికి పోతవమ్మా అని ఆయన అడిగితే, చట్టప్రకారం ఆమె ఏం చెప్పినా చెల్లుతుంది.

ఆమె ఎస్సైకి చెప్పలేదు. తండ్రి వైపు తిరిగింది.

“నాయినా, ఇంటికే వస్త. నిన్నిడిసి ఎటు బోను. కని గా శుక్రారం సంబంధం చేసుకోను. చేసుకుంటె గీయన్నే చేసుకుంట. నువ్వు ఒప్పుకునేదాక మల్ల అడుగ. నువ్వు ఒప్పుకోకుంటె అట్లనే ఉంట.”

“బెదిరిస్తున్నవా?”

“లేదు నాయినా. చెప్తున్న. నీకు చెప్పకుంట చేసుడు ఇష్టం లేకనే గీడిదాక వచ్చిన. లేకుంటె గీ పాటికి పెండ్లయిపోతుండె.”

నేను రాసి ఉంటే అక్కడ ఉరుము ఉరిమేది. బయట వాన మామూలుగా పడుతోంది. రాజమల్లు ఏడవలేదు, కరగలేదు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు, వానకు మొహం తడిసినందుకే. యాకూబ్ లేచి, “చాయ్ తాగొద్దాం పా మల్లన్నా” అన్నాడు. రాజమల్లు ఆయన వెంట వెళ్లాడు. తిరిగొచ్చి, శుక్రవారం నిశ్చితార్థం ఆపుతానని ఎస్సై ముందు చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. తండ్రీకూతుళ్లను ఆటోలో ఎక్కించాం. అస్లాం, వాళ్ల నాన్న చెరో బండి మీద వెనకాల వెళ్లారు. మేము భద్రాచలంలో ఒక హోటల్లో అన్నం తిని ఇంటికొచ్చాం.

ఏన్కూరు చేరాక తన్వికి ఫోన్ చేసి ఆ పేజీ తీసేయమన్నాను. ఆమె భయపడిందనే చెప్పాలి, ఎందుకంటే గోదారిని తీసేసింది. గులాబీ మాత్రం ఉంచింది.

రెండేళ్లు గడిచాక రజిత ఫోన్ చేసి, ఖమ్మంలో రిజిస్టర్ పెళ్లి, సాక్షిగా రమ్మంది. నాయిన ఒప్పుకున్నాడా అంటే, “ఒప్పుకోలే, ఇగ నీ ఇష్టం అన్నడు” అంది. ఇద్దరి మతాలు వేరైనప్పుడు చట్టం ప్రకారం ముందు దరఖాస్తు పెట్టాలి. ఆ నోటీసును నెల రోజులు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. ప్రేమను భూమి వేలం ప్రకటన పక్కన అంటించి నెల రోజులు ఆరబెట్టడం అనే ఈ ఏర్పాటు ఏ ప్రేమ రచయితకూ తట్టదు. అభ్యంతరం చెబుదామని వచ్చిన బంధువు ఒక్కడే. నోటీసు ఏ గదిలో ఉందో ఎవరూ చెప్పకపోవడంతో విసుగుపుట్టి వెళ్లిపోయాడట.

పెళ్లి రోజున అధికారి భోజనానికి పోయాడు. బెంచీ మీద కూర్చుని ఎదురుచూశాం. ముగ్గురు సాక్షులు కావాలి. నేను, మా ఆయన. మూడోవాడు, అస్లాం స్నేహితుడు, దారిలో ఉన్నానంటూనే ఉన్నాడు. గేటు బయట చెట్టుకింద నిలబడి ఉన్న రాజమల్లు లోపలికి వచ్చాడు.

“సాచ్చి సంతకమే గదా? పెడ్త. గది ఒప్పుకున్నట్టు గాదు” అన్నాడు.

పెట్టాడు. తర్వాత బయట ఆయన్ను అడిగాను, మనసు ఎట్లా మారిందని. వృత్తిరీత్యా అది తెలుసుకోవడం నాకు అవసరం.

“ఏం మారలేదమ్మా. రెండేండ్లు దినాం నా ఎదురుంగ కూసోని అన్నం తిన్నది. ఒక్కనాడు అడుగలే, ఒక్కనాడు అలుగలే. ఎన్ని దినాలని సూడాలె?”

ఆ తర్వాత నేను రాసిన సీరియల్‌లో తండ్రికి డైలాగులు ఇవ్వలేదు. అతను కరగడు. విసిగి, అలసి, ఒప్పుకోనంటూనే సంతకం పెడతాడు. ఎపిసోడ్ వచ్చిన రోజు కామెంట్లు చూశాను. ఎక్కువమంది రాసింది ఒకటే: తండ్రి పాత్ర సహజంగా లేదు. తన్వి కూడా అదే మాట చెప్పింది. మూడు నెలల్లో నా పసుపు నక్షత్రం ఆరిపోయింది. ఆ సీరియల్ ముగించి రాయడం మానేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా అనుభవం ఇది. తండ్రి ఎలా ఒప్పుకుంటాడో పాఠకులకు తెలియక మన దగ్గరికి రారు. ఇంట్లో ఉన్న తండ్రి కాసేపు కనబడకుండా ఉండాలని వస్తారు. ఆ ఉన్నవాణ్ణే తీసుకొచ్చి చూపిస్తే చదవరు. రాయదలుచుకుంటే కాఫీ తోటలున్న తండ్రినే రాయండి. ఇంట్లో ఉన్న రెండో రకం తండ్రి దగ్గర పని పడితే, మాటలు పనిచేయవు. ఎదురుగా కూర్చుని అన్నం తినాలి, అది కూతురు చేసే పని, రచయిత్రిది కాదు.